వోటునకు వెల

అమెరికా సంయుక్తరాష్ట్రములలో నొకటియైన వర్జీనియాయందు 1966వ సంవత్సరము మార్చి 24వ తేదీవఱకును, రాష్ట్ర శాసనసభ యెన్నికలలో వోటు వేయగోరు మనుష్యుడు మొట్టమొదట తల పన్ను చెల్లించి యుండవలెను. పన్ను సంవత్సరమునకు ఒకటిన్నర డాలరు. అది ఆస్తిపై పన్ను కాదు, ఆదాయముపై పన్ను కాదు. మనుష్యుడై పుట్టి తల కలిగియున్నందులకు పన్ను. మిల్లుల యజమానికిని, పరుల యిండ్లలో పాచిపని చేసి పొట్టపోసికొను ముదుసలికిని అదే మొత్తము. చెల్లింపనివారు వోటును కోల్పోవుదురు.

ఒకటిన్నర డాలరు అంత పెద్ద మొత్తమా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆ పన్నును సమర్థించిన పెద్దమనుష్యులును అట్లే ప్రశ్నించుచుండిరి. స్వరాష్ట్ర పరిపాలనలో పాలుగొనగోరువాడు ఏటికి ఆపాటి సొమ్మయినను ఇచ్చుకొనలేడా యని వారి వాదము. వినుటకు ఈ వాదము న్యాయముగనే తోచును. కాని వోటునకు వెల కట్టుటలోని అన్యాయము ఆ వెల యొక్క పరిమాణమున లేదు. వెల కట్టుటలోనే కలదు. అమెరికా దక్షిణ రాష్ట్రముల చరిత్ర ఈ సత్యమును స్పష్టముగ చాటుచున్నది.

తల పన్ను పుట్టిననాడే దుష్టమైనది కాదు. అమెరికా స్వతంత్రమైన తొలి దినములలో అనేక రాష్ట్రములయందు భూస్వాములకు మాత్రమే వోటు కలదు. భూమి లేకున్నను పన్ను చెల్లించువాడు వోటు వేయవచ్చునని కొన్ని రాష్ట్రములు నిబంధన మార్చుకొన్నప్పుడు అది సంస్కరణముగనే పరిగణింపబడెను. మూసియున్న ద్వారము కొంత తెఱువబడినది. తాతల కాలమున ద్వారము తెఱచిన సాధనమే మనుమల కాలమున ద్వారము మూయుటకు ఉపయోగింపబడుట ఈ కథలోని విశేషము.

1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధము ముగియగనే అమెరికాలో బానిసత్వము రద్దయ్యెను. జాతినిబట్టి గాని, వర్ణమునుబట్టి గాని, పూర్వపు దాస్యమునుబట్టి గాని యెవ్వరికిని వోటు నిరాకరింపరాదని 1870లో రాజ్యాంగమునకు 15వ సవరణ చేయబడెను. నిన్నటివఱకు సంతలో నమ్మబడిన మనుష్యులు నేడు వోటర్లయిరి; శాసనసభలలో సభ్యులునైరి. కాని 1877లో కేంద్ర సైన్యము దక్షిణమునుండి వెడలిపోయిన పిదప పూర్వపు యజమాని వర్గమే మరల అధికారమునకు వచ్చెను. నల్లవారికి వోటు లేదని బాహాటముగ వ్రాసినచో 15వ సవరణ అడ్డుపడును. కనుక జాతి యను మాట యెచటను వాడకుండ జాతినే వెలివేయగల ఉపాయమును వెదకిరి.

ఆ యుపాయములలో తల పన్ను ముఖ్యమైనది. 1889లో ఫ్లారిడా, టెన్నెసీ రాష్ట్రములును, 1890లో మిసిసిపీయును దీనిని చేపట్టినవి. 20వ శతాబ్దపు మొదటి పదియేండ్లు ముగియునప్పటికి అంతర్యుద్ధమున వేఱుపడి పోరాడిన 11 రాష్ట్రములలోను వోటునకు తల పన్ను షరతుగ నేర్పడెను. దీనికి తోడుగ చదువు పరీక్షలు, ఆస్తి నిబంధనలు మొదలగునవి చేరినవి. ఫలితము యెట్లుండెనో లూయిసియానా రాష్ట్రపు లెక్కలే చెప్పగలవు. ఆ రాష్ట్రమున 1896లో జాబితాకెక్కిన నల్లజాతి వోటర్లు 1,30,334 మంది. 1904 నాటికి మిగిలినవారు 1,342 మంది. ఎనిమిది యేండ్లలో లక్షకు పైబడిన పౌరులు రాజకీయముగ అంతర్ధానమైరి. ఇంతటి పనికి జాతి యను మాటయే శాసనమున వ్రాయవలసిన యవసరము కలుగలేదు.

మిసిసిపీవారి 1890 నాటి రాజ్యాంగములో నొక చిత్రమైన విధి కలదు. తల పన్ను రెండు డాలర్లని నిర్ణయించి, దాని వసూలునకై యెవ్వరిపైనను క్రిమినలు చర్య తీసికొనరాదని అందే వ్రాసికొనిరి. ఇది గమనింపదగిన సంగతి. ఖజానాకు సొమ్ము కావలసిన ప్రభుత్వము పన్ను నెగవేసినవానిని ఊరక వదలునా? శిస్తు బకాయిపడిన రైతు గుమ్మమున జప్తు నోటీసు వ్రేలాడుట మన పల్లెలకు తెలియనిది కాదు. మిసిసిపీ దొరలకు ఈ పన్ను చేరలేదను చింత లేదు. చేరకుండుటయే వారికి లాభము. ప్రజలు చెల్లింపకుందురు గాక యని విధింపబడిన పన్ను లోకమున ఇయ్యదియే కావచ్చును!

ఇక చెల్లించు విధానమును పరిశీలింతము. అలబామాలో పన్ను ఒకటిన్నర డాలరే. కాని బకాయి యేటేట పేరుకొనును. 21వ యేట మొదలుకొని చెల్లింపనివాడు 45వ యేట వోటు కావలెనని వచ్చినచో 36 డాలర్లు ఒక్కమారుగ గట్టవలెను. వర్జీనియాలో కడచిన మూడేండ్ల పన్నును, ఎన్నికకు ఆఱునెలలు ముందుగ చెల్లింపవలెను. టెక్సాసులో జనవరి 31వ తేదీతో గడువు ముగియును. ఎన్నిక నవంబరులో జరుగును. ఎవరెవరు పోటీచేయుదురో, ఏ సమస్యపై దేశము చర్చించునో తెలియకముందే వోటరు వెల చెల్లించి కూర్చుండవలెను. చెల్లించిన పిమ్మట రసీదును నెలల తరబడి భద్రపఱచుకొనవలెను. ప్రత్తిచేలలో పాలునకు సేద్యము చేయువాని గుడిసెలో కాగితము నిలుచునా?

అట్టివానికి రొక్కమన్నదే అపురూపము. పంట చేతికి వచ్చువఱకు భూస్వామి దుకాణములోనే ఉప్పు, పప్పు అప్పుగ తెచ్చుకొనును. పంట వచ్చినప్పుడు లెక్క భూస్వామియే చూచును. అప్పు తీఱినదనిపించుకొనుటయే గొప్ప. అట్టి కుటుంబమున ఒకటిన్నర డాలరన్నది పిల్లవాని కాలిజోడు, లేదా కొన్ని దినముల గ్రాసము. ఎట్లో కూడబెట్టి తీసికొనిపోయినను, మిసిసిపీలో పన్ను పుచ్చుకొనువాడు షెరీఫు. అనగా జిల్లాలో తుపాకి చేతబట్టిన యధికారి. నల్లవారు తెచ్చిన పన్నును పుచ్చుకొనుటకే నిరాకరించిన యుదంతములు 1960 ప్రాంతమున న్యాయస్థానములకెక్కినవి. పన్ను కట్టనిదే వోటు లేదు. కట్టబోయినచో పుచ్చుకొనువాడు లేడు.

నల్లవారికై పన్నిన వలలో తెల్లజాతి బీదలును చిక్కుకొనిరి. వారిలో కౌలుదారులు, మిల్లు కూలీలు లక్షలాదిగ వోటు కోల్పోయిరి. నల్లవానిని క్రిందికి త్రొక్కుచున్నారని సంతోషించిన బీద తెల్లవాడు తన కాలిక్రింది నేలయు జాఱిపోవుచున్నదని ఆలస్యముగ గ్రహించెను. 1920లో 19వ సవరణచే స్త్రీలకు వోటు వచ్చిన పిదప ఇంటికి రెండు పన్నులైనవి. ఒక్కరికే సొమ్మున్న యింట ఎవ్వరి వోటు మిగులునో, ఎవ్వరిది పోవునో చెప్పనక్కఱలేదు.

ఇంతకంటెను లోతైన కీడు మఱియొకటి కలదు. వోటునకు వెల యున్నదన్న పిమ్మట ఆ వెలను వోటరే చెల్లింపవలెనను కట్టుబాటు నిలువదు. టెక్సాసు, ఆర్కన్సా మొదలగు రాష్ట్రములలో స్థానిక రాజకీయ నాయకులు మూకుమ్మడిగ పన్నులు చెల్లించి, రసీదులను తమ పెట్టెలలో దాచియుంచి, ఎన్నికనాడు కూలీలకు పంచిపెట్టి వోట్లు వేయించుకొనుచుండెడివారు. పన్ను నిజాయితీగల వోటర్లను ఏరి నిలుపునని చెప్పినవారి మాట ఇట్లు తలక్రిందులయ్యెను. స్వతంత్రుడైన బీదవాడు వెలుపల నిలిచెను. అమ్ముడుపోయినవాడు లోపలికి పోయెను.

ఈ దుర్నయమును తొలగించుటకు జరిగిన కృషి దీర్ఘమైనది. ఉత్తర కరోలినా 1920లోను, లూయిసియానా 1934లోను, ఫ్లారిడా 1937లోను, జార్జియా 1945లోను తల పన్ను షరతును తమంతట తామే రద్దు చేసికొనినవి. కాని జార్జియా పన్ను రాజ్యాంగ విరుద్ధము కాదని 1937లోనే అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పియుండెను. 1942లో యుద్ధరంగమున నున్న సైనికులకు మాత్రము కేంద్ర యెన్నికలలో ఈ పన్నునుండి మినహాయింపు నిచ్చిరి. ప్రాణమర్పింప సిద్ధపడినవానినుండి ఒకటిన్నర డాలరు అడుగుటకు ప్రభుత్వమునకు సిగ్గు కలిగినది కాబోలు! 1942 మొదలు 1949 లోపల ప్రతినిధిసభ అయిదుమారులు తల పన్ను రద్దు బిల్లును ఆమోదించెను. అయిదుమారులును అది సెనేటులో అణగిపోయెను. దక్షిణ రాష్ట్రముల సెనేటర్లు అంతులేని యుపన్యాసములతో కాలయాపన చేసి బిల్లులను చంపగల స్థితిలో నుండిరి. కొద్దిమంది వోట్లతో ఎన్నికై వచ్చినవారు, అధికసంఖ్యాకులకు వోటు రాకుండ చూచుకొనిరి.

1962లో సెనేటరు స్పెసర్డు హాలండు ప్రతిపాదించిన రాజ్యాంగ సవరణ కాంగ్రెసునందు నెగ్గెను. ఆయన ఫ్లారిడావాడు. నల్లవారి పక్షపాతి యనదగినవాడు కాడు. 1964 నాటి పౌరహక్కుల చట్టమునకు వ్యతిరేకముగ వోటు చేసినవాడే. అట్టివానికిని తల పన్ను అనుచితముగ తోచినదనగా దాని పరువు ఎంతవఱకు దిగజాఱినదో యూహింపవచ్చును. అప్పటికి పన్ను మిగిలిన రాష్ట్రములు అయిదు: అలబామా, ఆర్కన్సా, మిసిసిపీ, టెక్సాసు, వర్జీనియా. 1964 జనవరి 23న దక్షిణ డకోటా ఆమోదముతో 38 రాష్ట్రముల సమ్మతి పూర్తియై 24వ సవరణ రాజ్యాంగమున చేరెను. మిసిసిపీ దానిని తిరస్కరించెను.

ఆ సవరణ కేంద్రపు యెన్నికలకు మాత్రమే వర్తించునది. వర్జీనియా ప్రభుత్వము అంతటితో నూరకుండక, పన్ను కట్టనివారు ఎన్నికకు ఆఱునెలలు ముందుగ నివాస ధ్రువపత్రమును దాఖలు చేయవలెనని క్రొత్త షరతు కల్పించెను. పన్ను పోయినది, పత్రము వచ్చినది! 1965 ఏప్రిలులో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. ఆ వేసగికి ముందే, మార్చి 7న, అలబామాలోని సెల్మా వంతెనపై వోటు హక్కునకై నడచిన నిరాయుధులను పోలీసులు లాఠీలతో మోదిన దృశ్యములను దేశమెల్ల చూచియుండెను. ఆగస్టు 6వ తేదీన వోటు హక్కుల చట్టము ప్రెసిడెంటు జాన్‌సను సంతకమును పొందెను. ఆ చట్టము తల పన్నును న్యాయస్థానములలో ఎదిరింపుమని కేంద్ర ప్రభుత్వపు అటార్నీ జనరలును ఆజ్ఞాపించెను.

అంతకు ముందుగనే వర్జీనియాలోని సామాన్య స్త్రీలు ఆ పనికి పూనుకొనియుండిరి. నార్‌ఫోక్ పట్టణమున కుట్టుపని చేసికొను ఎవెలిన్ బట్సు 1963లో దావా వేసెను. ఇండ్లలో పనిచేసి విరమించిన ఆనీ హార్పరు మఱియొక దావాలో వాది. క్రింది న్యాయస్థానము 1937 నాటి తీర్పును జూపి వారిని త్రోసివేసెను. వారు సుప్రీముకోర్టునకు పోయిరి. ఆ విచారణలో కేంద్ర ప్రభుత్వము పక్షమున వారికి తోడుగ వాదించినవాడు సొలిసిటరు జనరలు తర్‌గుడ్ మార్షలు. ఆ పదవి నలంకరించిన మొదటి నల్లజాతీయుడు. 1966 మార్చి 24న ఆఱుగురు న్యాయమూర్తులు వాదుల పక్షమునను, మువ్వురు వ్యతిరేకముగను తీర్పు చెప్పిరి. మనుష్యుని ధనమునకును, వోటును వివేకముతో నుపయోగింపగల శక్తికిని సంబంధము లేదని అధికసంఖ్యాకుల తరఫున న్యాయమూర్తి డగ్లసు నిర్ణయించెను. రాష్ట్ర, స్థానిక యెన్నికలలోను తల పన్ను షరతు అంతమొందెను.

భిన్నాభిప్రాయము నిచ్చిన మువ్వురి వాదమును తేలికగ త్రోసిపుచ్చరాదు. ఇట్టి షరతులు దేశమున చిరకాలమునుండి యున్నవనియు, మార్పు కావలసినచో ప్రజలు శాసనసభల ద్వారమున గాని, రాజ్యాంగ సవరణ ద్వారమున గాని తెచ్చుకొనవలెననియు, న్యాయమూర్తులు తమ యిష్టమును రాజ్యాంగమని చెప్పరాదనియు వారి భావము. సామాన్యముగ నిది మంచి సూత్రమే. కాని శాసనసభను మార్చుటకు వోటు కావలెను. వోటు వచ్చుటకు శాసనసభ మాఱవలెను. ఈ చక్రమున చిక్కినవానికి శాసనసభకు పొమ్మని చెప్పుట, తాళము లోపలనున్న యింటికి తాళముచెవి లోపలనే యున్నదని చెప్పుటవంటిది.

చదువు పరీక్షలు, బెదిరింపులు, తల పన్ను అన్నియు తొలగిన ఫలితము వెంటనే కానవచ్చెను. మిసిసిపీలో వోటునకు అర్హులైన నల్లవారిలో 1965 చట్టమునకు పూర్వము జాబితాకెక్కినవారు నూటికి ఏడుగురికంటె తక్కువ. 1967 నాటికి నూటికి సుమారు 60 మంది. వారు ప్రజా జీవితమునందు శ్రద్ధలేక వోటునకు దూరముగ నుండిరను నింద రెండేండ్లలో అబద్ధమయ్యెను.

వివాదము మాత్రము ముగియలేదు. శిక్ష ముగించికొన్న నేరస్థులకు, హత్యాది ఘోరనేరములు చేసినవారికి తప్ప, మరల వోటు హక్కు నిచ్చుటకు ఫ్లారిడా వోటర్లు 2018లో సమ్మతించిరి. మఱుసటి యేట శాసనసభ, వారు జరిమానాలును కోర్టు రుసుములును పూర్తిగ చెల్లించిన పిదపనే వోటని చట్టము చేసెను. ఇది క్రొత్త వేషమున వచ్చిన తల పన్నని కొందఱనిరి. 2020లో కేంద్ర అప్పీలు న్యాయస్థానము అట్లు కాదని, జరిమానా శిక్షలో భాగమేయని నిర్ణయించెను. ఎవరి వాదమెట్లున్నను, సొమ్ములేక వోటు వేయజాలని మనుష్యుడు అచట మరల కానవచ్చుచున్నాడు.

ఈ వృత్తాంతము మనకు పరాయిది కాదు. 1935 నాటి చట్టముక్రింద మన దేశమున 1937లో జరిగిన యెన్నికలలో వోటర్లు సుమారు 3 కోట్ల మంది మాత్రమే. భూమి పట్టా, ఇంటి పన్ను, వృత్తి పన్ను, ఆదాయపు పన్ను వంటివి ప్రధానమైన యర్హతలు. మద్రాసు రాజధానిలోని మన జిల్లాలలో పట్టాదారునకు వోటుండగా వాని పొలమున నాట్లువేసిన కూలికి సామాన్యముగ లేదు. నిజాము రాజ్యములోని తెలుగు జిల్లాలకు ఆ చట్టపు వోటే వర్తింపలేదు. 1931లో కరాచీ కాంగ్రెసు వయోజనులందఱికిని వోటు కావలెనని తీర్మానించినప్పుడు, నిరక్షరాస్యులును నిరుపేదలునైన జనులకు వోటేల యని ఎగతాళి చేసినవారు కొందఱు కలరు. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 326వ అధికరణముచే ఆ ప్రశ్నకు సమాధానము చెప్పెను. అక్షరాస్యులు ఐదవవంతునకు లోబడియున్న దేశమున 1951-52 యెన్నికలలో 17 కోట్లకు మించిన వోటర్లు జాబితాకెక్కిరి. రసీదు అడిగినవారు లేరు. 1989లో వోటు వయస్సు 21 నుండి 18కి తగ్గెను. వర్జీనియాలో ఆనీ హార్పరునకు రసీదులేని వోటు రాకముందు పదునాఱు సంవత్సరములకే మన పల్లెలోని కూలికి అది దక్కెను.

ఇందులకు మనము గర్వింపవచ్చును. కాని గర్వముతోపాటు ఒక ప్రశ్న వేసికొనక తప్పదు. వోటరునొద్ద వెల పుచ్చుకొనరాదని మన రాజ్యాంగము శాసించెను. వోటరునకు వెల నిచ్చుట నేరమని, అక్రమమని మన చట్టములు చెప్పుచున్నవి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టపు 123వ సెక్షను లంచమును అక్రమాచారములలో మొదటిదిగ పేర్కొన్నది. అయినను ఎన్నికల ముందు రాత్రులలో మన వీధుల నేమి పంచబడుచున్నదో పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. నోటు పుచ్చుకొన్న బీదవానిని నిందించుట సులభము. పంచువాడు ఎందులకు పంచుచున్నాడో, ఆ సొమ్మును పిదప ఎవ్వరినుండి రాబట్టుకొనునో ఆలోచించినవారికి నింద ఎచట చేరవలెనో తెలియును.

టెక్సాసు నాయకుని పెట్టెలోని రసీదుల కట్టయు, మన నాయకుని మనిషి చేతిలోని నోట్ల కట్టయు ఒక్క జాతివే. వోటు అంగడి వస్తువను భావమే రెండింటికిని మూలము. అచట వెల చెల్లింపలేనివాడు వోటు కోల్పోయెను. ఇచట వెల పుచ్చుకొన్నవాడు దాని విలువను కోల్పోవుచున్నాడు. నార్‌ఫోక్ పట్టణపు కుట్టుపనిమనిషికి ఒకటిన్నర డాలరు చెల్లించుట అసాధ్యము కాకపోవచ్చును. చెల్లింపవలసిన పనిలేదని ఋజువు చేయుటకే ఆమె దావా వేసెను. తన వోటునకు వెల లేదని చెప్పుటకు ఆమెకు సుప్రీముకోర్టువఱకు పోవలసివచ్చినది. మనకు అంతదూరము పోవలసిన పనిలేదు. ఎన్నిక ముందటి రాత్రి తలుపు తట్టినవానికి మన గుమ్మముననే ఆ మాట చెప్పవచ్చును.